కారుకు సోకులు ఇంటి దగ్గరే... ముందు బంపర్ జోలికి మాత్రం వద్దు

గుడివాడ (మా విలేకరి):

మాసూళ్లు అయిపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో ఊళ్లోకి కొత్త కారు వస్తుంది. కొత్తది అంటే ఊరికి కొత్త. పట్నంలో ఎవరో ఏడెనిమిదేళ్లు వాడి అమ్మేసిన బండి అది. వచ్చిన వారం పది రోజులకే దాని రూపం మారిపోతుంది. వెనక డిక్కీ మీద రెక్కలాంటి స్పాయిలర్, పక్కల కింద నేలకు ఆనుతున్నట్లుండే నల్లటి పట్టీలు, చక్రాల మీద వెడల్పాటి అంచులు, ముందు నిగనిగలాడే స్టీలు గొట్టాల బుల్ గార్డు, దానికి నాలుగు పెద్ద లైట్లు. స్పోర్ట్స్ కారులా ఉందని కుర్రాళ్లు మురిసిపోతారు. పందేనికి ముస్తాబు చేసిన గిత్తలా ఉందని అరుగు మీది పెద్దలు ముచ్చటపడతారు.

ఒకప్పుడు ఈ పనులు కావాలంటే విజయవాడ ఆటోనగర్ వెళ్లి, రెండు రోజులు అక్కడే తిరిగి చేయించుకోవలసి వచ్చేది. ఇప్పుడు సెల్‌ఫోనులో బొమ్మ చూసి అడిగితే ఫైబర్ బంపర్ అట్టపెట్టెలో ఇంటికే వస్తోంది. డ్రిల్లింగ్ మిషను, స్పానర్లు మోటారు బాగుచేసుకునే ప్రతి రైతు ఇంట్లోనూ ఉన్నాయి. ఆదివారం నాడు నలుగురు స్నేహితులు చేరి వేపచెట్టు కింద పని కానిచ్చేస్తున్నారు.

ఇందులో తప్పు పట్టవలసింది లేదు. ఎడ్ల కొమ్ములకు రంగులు వేసి, మెడలో మువ్వల పట్టెడ కట్టిన జిల్లా మనది. ట్రాక్టరు బానెట్టు మీద ప్లాస్టిక్ పూలు, లారీ అద్దానికి నల్లటి కుచ్చులు కట్టనివాడు అరుదు. బండికి సోకు చేయడం మనకు వాహనం మీద ఉన్న ప్రేమకు గుర్తు. అయితే కారు విషయంలో ఒక పెద్ద చిక్కు ఉంది. అది బిగించేవారికి తెలియడం లేదు. అమ్మేవారు చెప్పడం లేదు.

బండి వేరు, కారు వేరు

ఎడ్లబండిని చూడండి. నొగలు, ఇరుసు, చక్రాలు గట్టిగా ఉంటే పైన తొట్టి ఎలాంటిది కట్టినా బండి నడుస్తుంది. గడ్డికి ఒకలా, ఎరువుకు ఒకలా మార్చుకుంటాం. లారీ కూడా అంతే. కంపెనీ నుంచి చాసిస్ ఒక్కటే వస్తుంది. బాడీని ఆటోనగర్‌లో కడతారు. బరువంతా మోసే వెన్నెముక ఆ చాసిస్. బాడీకి ఏం తగిలించినా వెన్నెముకకు పెద్దగా పట్టదు.

చిన్న కారుకు అలాంటి చాసిస్ విడిగా లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన నాటి నుంచి మన ఇళ్ల ముందుకు వచ్చిన చిన్న కార్లలో చాలావరకు రేకు డొప్పే ఎముకగా తయారైనవి. పీతను చూస్తే ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. దానికి లోపల ఎముకలు ఉండవు, పై చిప్పే దాని బలం. కారుకూ అంతే. కనుక లారీకి పనికివచ్చిన తెలివి కారుకు పనికిరాదు.

ఇంకొక విశేషం ఉంది. ఈ చిప్ప అంతటా ఒకే గట్టిదనంతో ఉండదు. మనుషులు కూర్చునే నడిమి గది గట్టిగా ఉంటుంది. ముందు భాగం, వెనక భాగం కావాలనే నలిగిపోయేలా చేస్తారు. బేలా బారేనీ అనే ఇంజనీరు జర్మనీలోని మెర్సిడెస్ కంపెనీ తరఫున 1951లో ఈ ఉపాయానికి పేటెంటు కోరాడు. 1959లో ఆ పద్ధతిలో కారు బయటకు వచ్చింది. అంతకు ముందు కారు ఎంత మొండిగా ఉంటే అంత భద్రం అనుకునేవారు. ఇప్పటికీ మన ఊళ్లలో కొత్త కార్ల రేకు చూసి "అప్పడంలా నలిగిపోతోంది, పాత అంబాసిడరే నయం" అనేవారు ఉన్నారు. ఆ మాట పొరపాటు.

ఇల్లు కట్టేచోట కింది నుంచి ఇటుక విసిరితే పై మనిషి ఎలా పడతాడో గమనించండి. చేతులు బిగబట్టి పట్టడు, ఇటుకతో పాటు చేతులు కొంచెం వెనక్కి లాగుతూ పడతాడు. లేకపోతే అరచేయి చితుకుతుంది. కారు ముందు భాగం చేసే పని అదే. దెబ్బ తగిలినప్పుడు తాను మెల్లగా నలుగుతూ, లోపలి మనిషికి తగిలే కుదుపును తగ్గిస్తుంది. పైకి కనిపించే ప్లాస్టిక్ బంపర్ తొడుగు మాత్రమే. చాలా కార్లలో దాని వెనక మెత్తటి నురగ దిమ్మె, ఆ వెనక అడ్డంగా ఒక లోహపు దూలం, దానిని పట్టి ఉంచే రెండు నలిగే పెట్టెలు ఉంటాయి. వాటి తరువాతే బాడీలోని పొడుగు దూలాలు.

బుల్ గార్డు బిగించేవారు ఏం చేస్తున్నారు? బ్రాకెట్లు వేసి దానిని నేరుగా ఆ పొడుగు దూలాలకే బోల్టు చేస్తున్నారు. నలిగే పెట్టెలకు ఇక పని లేదు. దెబ్బ మధ్యలో ఎక్కడా ఆగకుండా నడిమి గదిలోకి, అందులో కూర్చున్న మనిషి మెడకు, ఛాతీకి వస్తుంది. బండికి సొట్ట తక్కువ పడవచ్చు. ఆ మిగులు మనిషి ఒంటి మీద పడుతుంది.

గాలి సంచుల సంగతి

ఇప్పుడు సెకండ్‌హ్యాండులో మన ఊళ్లకు చేరుతున్న కార్లలో చాలావాటికి గాలి సంచులు, అంటే ఎయిర్‌బ్యాగులు ఉంటున్నాయి. డ్రైవరు ముందు సంచి 2019 జులై 1 నుంచి తప్పనిసరి అయింది. పక్క సీటు ముందు సంచిని 2021 ఏప్రిల్‌లో కొత్త మోడళ్లకు, ఆ సంవత్సరం చివరికల్లా పాత మోడళ్లకు కూడా తప్పనిసరి చేశారు.

ఈ సంచి ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది ఒక చిన్న కంప్యూటరు. దానికి కబురు అందించే సెన్సర్లు కొన్ని కార్లలో సరిగ్గా బంపర్ వెనకే ఉంటాయి. బండి ఎంత త్వరగా వేగం కోల్పోతోందో చూసి, గుద్దుకున్న క్షణం నుంచి సెకనులో ఇరవయ్యో వంతు అటూ ఇటూగా సంచి నిండిపోవాలి. కన్ను రెప్ప వేసేంత సమయం కూడా కాదు. కంపెనీవారు తమ బంపర్‌తో, తమ దూలంతో బండ్లను గోడకు గుద్ది చూసి ఆ లెక్క కట్టి ఉంటారు. ముందు ఒక ఇనుప చట్రం తగిలిస్తే ఆ లెక్క చెడుతుంది. సంచి ఆలస్యంగా తెరుచుకోవచ్చు, అసలు తెరుచుకోకపోవచ్చు, చిన్న దెబ్బకే పేలినట్లు తెరుచుకోవచ్చు. ఏది జరిగేదీ అమ్మినవాడికి తెలియదు, బిగించినవాడికీ తెలియదు.

మరి గేదె అడ్డం వస్తే? ఇది గ్రామాల్లో ప్రతివారూ అడిగే ప్రశ్న. సాయంత్రం వేళ కాలువ గట్టు రోడ్ల మీద గేదెల మందలు వస్తాయి. గార్డు ఉంటే రేడియేటరు, లైట్లు మిగులుతాయని వాదన. మెల్లగా తగిలిన దెబ్బకు ఆ మాట కొంత నిజం కూడా. కానీ ఆ గట్టు రోడ్డు మీదే గేదెల వెనక వాటిని తోలుకువచ్చే మనిషి ఉంటాడు. బడి నుంచి వచ్చే పిల్లలు ఉంటారు. సైకిలు మీద పాలు పోసి వచ్చే ముసలాయన ఉంటాడు. మన రోడ్లకు నడిచేవారి కోసం వేరే దారి లేదు. ప్లాస్టిక్ బంపర్, పలుచటి బానెట్టు కొంత లొంగుతాయి. రెండంగుళాల స్టీలు గొట్టం లొంగదు. మోకాలి ఎత్తులోనో, పిల్లవాడి తల ఎత్తులోనో తగిలేది అదే. రేడియేటరు మారిస్తే కొత్తది వస్తుంది.

కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో ఈ గార్డుల మీద చర్య తీసుకోవలసిందిగా రాష్ట్రాలకు లేఖ రాసింది. అయినా వీటి అమ్మకం మాత్రం ఆగలేదు.

పెట్టుకోదగినవి, పెట్టుకునే తీరు

ఇక కుర్రాళ్ల సరదా సంగతికి వద్దాం. స్పాయిలర్ అనే రెక్క పందెపు కార్ల నుంచి వచ్చింది. వేగంగా పోయేటప్పుడు గాలి బండిని పైకి లేపకుండా చూడటం దాని పని. గాలి చూపే బలం వేగంతో పాటు రెట్టింపు కాదు, అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ఉండే బలంలో నాలుగో వంతే 60లో ఉంటుంది. గుడివాడ నుంచి కంకిపాడు పోయే రోడ్డు మీద దాని పని ఏమీ లేదనే చెప్పాలి. అందానికి పెట్టుకోవచ్చు. అందం కూడా ఒక పనే కదా అంటే కాదనేవారు ఎవరు?

సామాను రెండు మూడు రకాలుగా వస్తోంది. ఫైబర్ అంటే గాజు పీచును రెజిన్‌తో అచ్చు పోసినది. 1953లో అమెరికాలో వచ్చిన కార్వెట్ అనే స్పోర్ట్స్ కారుకు బాడీ అంతా దీనితోనే చేశారు. చవక, తేలిక. కానీ దెబ్బ తగిలితే వంగదు, పగులుతుంది. రెండోది ఏబీఎస్ ప్లాస్టిక్. ఇది కొంత వంగుతుంది, కొలత కూడా సాధారణంగా బాగా కుదురుతుంది. మన గతుకులకు ఇదే నయం.

పెట్టె విప్పగానే రంగు వేయించకండి. ముందు బండికి ఆనించి చూడాలి. నలుగురిలో ముగ్గురు చేసే పొరపాటు ఇక్కడే. రంగు వేశాక కొలత కుదరకపోతే అరగదీయాలి, రంగు పోతుంది. అమ్మినవాడు వెనక్కి తీసుకోడు. ఆనించినప్పుడు సందు ఎక్కడ ఎక్కువ ఉందో చూసి పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. ప్లాస్టిక్ కొంచెం మొండికేస్తే వేడి నీళ్లు పోస్తే లొంగుతుంది. నిప్పు సెగ చూపకూడదు. ఫైబర్‌ను ఆకురాయితో అరగదీసేటప్పుడు వచ్చే పొడి గాజు పొడే. ఒంటికి దురద, ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు మంచి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, గొడ్ల చావిడికి, గడ్డివాముకు దూరంగా చేయాలి. ఆ పొడి పడిన గడ్డి గేదెకు వేయలేం.

స్పాయిలర్‌కు, తలుపు పట్టీలకు రెండువైపులా అంటుకునే నురగ టేపు చాలు. టేపు పట్టకపోతే తప్పు టేపుది అనుకుంటారు. చాలాసార్లు తప్పు కింద ఉన్న మైనం పాలిష్‌ది. ముందు సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడవాలి. కిరోసిన్‌తో తుడిస్తే జిడ్డు మిగులుతుంది. మిట్టమధ్యాహ్నం రేకు కాలుతున్నప్పుడు గానీ, తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు గానీ అంటించవద్దు. నీడలో, రేకు గోరువెచ్చగా ఉన్నప్పుడు అంటించి, గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి. ఈ రకం మంచి టేపుకు పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులు బండి కడగకూడదు. మరునాడే కాలువలోకి దింపి కడిగి, వారానికి రెక్క ఊడిపోయిందని వాపోయేవారు ఉన్నారు.

మర బిగించక తప్పదనుకుంటే, రేకుకు పెట్టిన ప్రతి రంధ్రం అంచుకూ ప్రైమరు పూయాలి. బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలికి పూత లేని రంధ్రం రెండు వానాకాలాల్లో తుప్పు గూడు అవుతుంది.

పక్క పట్టీల విషయంలో ఇంకొక మాట. తలుపుల కింద ఉండే దూలం లోపల బోలుగా ఉంటుంది. లోపలికి చేరిన నీరు పోవడానికి కింద చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. పట్టీ బిగించేటప్పుడు వాటిని మూసేస్తే నీరు లోపలే నిలుస్తుంది. దానికి తోడు మన డెల్టా నల్లమట్టి పట్టీకి, రేకుకు మధ్య చేరి, తడి ఆరకుండా నెలల తరబడి ఉంటుంది. పై నుంచి చూస్తే పట్టీ తళతళలాడుతూనే ఉంటుంది. లోపల కారు ఎముక పుచ్చిపోతుంది. అందుకని ఆ రంధ్రాలు వదిలి బిగించాలి. ఊడుపుల కాలం అయ్యాక ఒకసారి పట్టీ విప్పి కడగాలి. జాకీ ఆనించే చోటు కూడా అక్కడే ఉంటుంది. దానిని కప్పేస్తే అర్ధరాత్రి పంక్చరు పడినప్పుడు తెలుస్తుంది.

ముందు బంపర్ తొడుగు ఊడదీయవలసి వస్తే బ్యాటరీ నెగటివ్ తీగ తప్పించి, కొద్ది నిమిషాలు ఆగి పని మొదలుపెట్టాలి. పసుపు తొడుగు ఉన్న తీగలు గాలి సంచులవి. వాటిని ముట్టవద్దు, కత్తిరించవద్దు, లైటుకు కరెంటు వాటి నుంచి లాగవద్దు. తొడుగు వెనక ఉన్న నురగ దిమ్మె కొత్త బంపర్‌కు అడ్డం వస్తోందని కోసి పారేసేవారు ఉన్నారు. ఆ దిమ్మెకు పట్టని బంపర్ మీ బండికి పనికిరాదు.

అదనపు లైట్లకు వస్తే, 55 వాట్ల బల్బులు రెండు పెడితే 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. దానిని ఉన్న తీగకే జోడించి టేపు చుడితే తీగ కాలుతుంది. కారు తగలబడటానికి ఈ మాత్రం చాలు. విడిగా రిలే, ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి వేరే తీగ తీసుకోవాలి. ఎదురు వచ్చేవాడి కళ్లలో కొట్టే తెల్ల లైట్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. రాత్రిపూట రోడ్డు అంచున ధాన్యం రాశి, దాని పక్కన దుప్పటి కప్పుకు పడుకున్న రైతు ఉంటారు. కళ్లు చెదిరిన డ్రైవరుకు వారు కనిపించరు.

రంగు పని మాత్రం పెయింటరుకే వదలడం మంచిది. గట్టిదనం కోసం కలిపే హార్డెనర్ ఆవిరి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే ఆగేది కాదు. ఇంటి దగ్గర వాటర్ పేపరుతో రుద్ది, లప్పం పెట్టి, ప్రైమరు వరకు సిద్ధం చేసి ఇస్తే కూలి కలిసివస్తుంది.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకూ ఆర్.సి.లోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం సవరించిన చట్టంలో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వేయవచ్చునని ఉంది. లెక్క మార్పుకు ఇంత అని కట్టారు కనుక గార్డు ఒకటి, మోత సైలెన్సర్ ఒకటి అంటే పదివేలు. టేపుతో అంటించిన చిన్న రెక్కకు ఎవరూ జైలుకు పంపరు గానీ, బండి పొడుగు, వెడల్పు, రంగు, ఇంజను మారితే మాత్రం ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడిగి తీరాలి. కాళ్లు చేతులు సరిగా లేనివారు తమకు తగినట్లు బండిని మార్పించుకోవడానికి అదే సెక్షనులో దారి ఉంది. ఆ సంగతి తెలియక చాలామంది కారు ఆశే వదులుకుంటున్నారు.

నంబరు ప్లేటు ఇంకొక చిక్కు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేటును తిరిగి విప్పడానికి వీలులేని తాళంతో బిగిస్తారు. అది బంపర్ మీదే ఉన్న కార్లలో, బంపర్ మార్చాలంటే ఆ తాళం విరగ్గొట్టాలి. విరిగినదాన్ని మళ్లీ వేయలేం. మామూలు మరతో బిగించి తిరిగితే తనిఖీలో దొరికిపోతారు.

బీమా కంపెనీకి చెప్పకుండా పెట్టిన సామాను పోతే దానికి డబ్బు రాదు. అంతటితో అయితే పరవాలేదు. ప్రమాదానికి ఆ మార్పే కారణమని తేలితే మొత్తం క్లెయిముకే పేచీ రావచ్చు. పాలసీ కాగితం వెనకవైపు సన్న అక్షరాలు ఎవరూ చదవరు. ఊళ్లో చదువుకున్న పిల్లలు ఉంటే వారి చేత చదివించుకోండి.

సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ గడువు తీరాక అధికారి బండిని చూసి సరే అంటేనే మరో అయిదేళ్లు పొడిగిస్తారు. చూపించవలసినది కంపెనీ రూపంలోని బండి. అందుచేత ఊడదీసిన పాత బంపర్‌ను పాత ఇనుము బండివాడికి వేయకండి. కడిగి, ఆరబెట్టి, ఎలుకలు కొరక్కుండా అటక మీద పెట్టి, దాని క్లిప్పులు, మరలు ఒక సంచిలో మూటకట్టి దానికే తగిలించి ఉంచండి. క్లిప్పులు మిగిలాయా లేదా అన్నది పదిహేనో ఏట తెలుస్తుంది.